తమ్ముడు నొప్పి మాత్రలు మానలేకపోతున్నాడు, డీటాక్స్ ఒక్కటే చాలా?

శ్రావణమేఘం

అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి అడగాలని రాస్తున్నాను. వెన్నెముక ఆపరేషన్ తర్వాత వాడికి ట్రమడాల్ రాశారు. గాయం మానింది కానీ మాత్రలు ఆగలేదు. మొదట్లో నొప్పి కోసమన్నాడు, తర్వాత నిద్ర కోసమన్నాడు, ఇప్పుడు అది పడకపోతే మంచం దిగలేనంటున్నాడు. అంతకంటే బలమైన మాత్రలు కూడా ఎక్కడినుంచో తెచ్చుకుంటున్నాడని వాడి స్నేహితుడు చెప్పాడు.

వాడికి మానాలని లేదనుకోకండి. తనంతట తానే మొదలుపెడతాడు. మర్నాటికల్లా ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళంతా నొప్పులు, విరేచనాలు, కాళ్ళు ఒకచోట నిలవకుండా కొట్టుకోవడం. ఆ అవస్థ చూడలేక అమ్మే మాత్ర తీసి ఇస్తుంది.

ఎక్కడైనా పదిహేను రోజులు డీటాక్స్‌కు చేర్పిస్తే ఒంట్లోదంతా పోయి మామూలు మనిషవుతాడని నాన్న అంటున్నారు. మనసు గట్టిగా ఉంటే చాలు, దీనికి వైద్యమేమిటని బాబాయి అంటున్నాడు. ఇంకొకరు దీనికి వేరే మాత్ర ఇస్తారని చెప్పారు. అది విని అమ్మకు ఇంకా టెన్షన్ పట్టుకుంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. ఇది అలవాటా, జబ్బా? డీటాక్స్ చేయిస్తే సరిపోతుందా? వాడితో గొడవ కాకుండా ఎలా మాట్లాడాలి?

మందులచీటీ

నేను ఫార్మసిస్టును. మిగతా ప్రశ్నలకు డాక్టర్లు చెబుతారు, నేను ముందు ఒక జాగ్రత్త చెబుతాను. ఇంట్లో కూర్చోబెట్టి ట్రమడాల్ ఒక్కసారిగా ఆపించకండి.

ట్రమడాల్ మిగతా ఒపియాయిడ్ల (మార్ఫిన్ జాతి నొప్పి మందుల) లాంటిదే కానీ దానికి రెండో పని కూడా ఉంది. మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల మీద కూడా అది పనిచేస్తుంది. అందుకే ఉన్నట్టుండి ఆపితే మామూలు విత్‌డ్రాయల్‌తో (మందు ఆగినప్పుడు ఒళ్ళు పడే అవస్థతో) పాటు కొందరికి విపరీతమైన భయం, గందరగోళం, లేనివి ఉన్నట్టు అనిపించడం కూడా వస్తాయి. మోతాదు మించితే ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా దీనికి ఎక్కువ.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు వాడు ఏమేం వేసుకుంటున్నాడో ఒక కాగితం మీద రాసుకోండి. పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు. నిద్రమాత్రలు, అల్ప్రజోలామ్ లాంటి ఆందోళన మాత్రలు, మద్యం ఉంటే అవి తప్పకుండా రాయండి. ఒపియాయిడ్లతో వాటిని కలిపితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం చాలా పెరుగుతుంది. మద్యాన్ని, అల్ప్రజోలామ్ జాతి మాత్రలను కూడా హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఈ వివరం దాస్తే వైద్యం దారి తప్పుతుంది.

మనసువైద్యం

శ్రావణమేఘం గారూ, నేను సైకియాట్రిస్టును. వ్యసన వైద్యంలో పనిచేస్తున్నాను. మీ తమ్ముణ్ణి చూడకుండా ఆయనకేముందో చెప్పలేను కానీ, ఈ జబ్బును మేమెలా గుర్తిస్తామో చెబుతాను.

ఒంటికి అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. కొన్ని వారాలు క్రమం తప్పకుండా ఒపియాయిడ్ వాడిన ఎవరికైనా ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది, ఆపితే విత్‌డ్రాయల్ వస్తుంది. అది మనిషి గుణం కాదు, మందు గుణం. వ్యసనమంటే ఆపైన జరిగేది. అనుకున్నదానికంటే ఎక్కువ వాడటం, తగ్గించాలని ప్రయత్నించి తగ్గించలేకపోవడం, రోజంతా దాన్ని సంపాదించుకోవడంలోనే గడిచిపోవడం, మనసు అటే లాగడం, ఉద్యోగం, చదువు, ఇల్లు దెబ్బతింటున్నా ఆపలేకపోవడం. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం) ఇలాంటి లక్షణాలు 11 చెప్పింది. ఏడాది కాలంలో వాటిలో రెండైనా కనిపిస్తే ఒపియాయిడ్ వాడకపు రుగ్మత అంటాం. ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే తీవ్రమైనది. ఇందులో ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. డాక్టర్ చెప్పినట్టే వాడుతున్నవారికి మోతాదు చాలకపోవడం, విత్‌డ్రాయల్ రావడం అనే రెండింటినీ లెక్కలోకి తీసుకోరు.

మెదడులో జరిగేది కూడా కొంచెం చెబుతాను, బాబాయి గారి మాటకు జవాబు అందులోనే ఉంది. ఈ మందులన్నీ మ్యూ అనే గ్రాహకాల మీద, అంటే నాడీకణాల మీద మందు వచ్చి అతుక్కునే చోట్ల మీద పనిచేస్తాయి. మన ఒంట్లో సహజంగా తయారయ్యే ఎండార్ఫిన్లు పనిచేసేదీ అక్కడే. నొప్పి తగ్గడం, హాయిగా అనిపించడం, ఊపిరి నెమ్మదించడం, మలబద్ధకం రావడం అన్నీ దాని ప్రభావాలే. మెలకువను, గుండెవేగాన్ని నడిపే నారడ్రినలిన్ వ్యవస్థను మందు అణచి ఉంచుతుంది కాబట్టి, దాన్ని తట్టుకోవడానికి మెదడు ఆ వ్యవస్థ జోరు పెంచుకుంటుంది. మందు ఆగిన రోజున ఆ జోరుకు అడ్డు ఉండదు. చెమటలు, గుండెదడ, ఆవలింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, నిద్ర పట్టకపోవడం అందుకే.

త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మాత్రలైతే ఇది 8 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో మూడో రోజున బాగా ముదిరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. చాలామంది వైద్యం అక్కడితో అయిపోయిందనుకుంటారు. నిద్రలేమి, ఏమీ రుచించకపోవడం, మనసు అటు లాగడం మాత్రం వారాలు, నెలలు ఉంటాయి. చాలామంది మళ్ళీ మొదలుపెట్టేది ఆ సమయంలోనే.

నిక్కచ్చి

నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు, ఏమీ అనుకోకండి. ప్రతి బలహీనతకూ జబ్బు అని పేరు పెడితే మనిషి తన బాధ్యత వదిలేస్తాడని నా భయం. మాత్ర మాన్పించడానికి మాత్ర ఇవ్వడమంటే ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడం లాంటిది.

వియత్నాం యుద్ధంలో ఎంతోమంది అమెరికా సైనికులు హెరాయిన్‌కు బానిసలయ్యారు, ఇంటికి తిరిగొచ్చాక చాలామంది వైద్యం లేకుండానే మానేశారు. ఇది నేను చదివాను. అది నిజమైతే ఇచ్ఛాశక్తి చాలదని ఎలా అంటారు?

మనసువైద్యం

నిక్కచ్చి గారూ, అది నిజమే. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో ఆ సైనికులను వెతికి పట్టుకుని మాట్లాడారు. అక్కడ ఉండగా సుమారు ఐదో వంతు మంది తాము బానిసలయ్యామని చెప్పారు. వారిలో తిరిగొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవారు దాదాపు 5 శాతమే.

అయితే వాళ్ళకు ఏం మారిందో చూడండి. హెరాయిన్ చవగ్గా, తేలిగ్గా దొరికే చోటు పోయింది. ప్రాణభయం పోయింది. దాన్ని కలిసి వాడిన మనుషులు పోయారు. ఒక్క విమానప్రయాణంతో జీవితమంతా మారిపోయింది. ఈ తమ్ముడి విషయంలో ఏం మారింది? అదే గది, అదే నడుంనొప్పి, అవే ఫోన్ నంబర్లు. వియత్నాం సైనికుల కథ ఇచ్ఛాశక్తి గురించి చెప్పేదానికంటే పరిసరాల గురించి ఎక్కువ చెబుతుంది. అందుకే మందుతో పాటు నొప్పికి సరైన వైద్యం, పని, తోడు కూడా చూడాలంటాం.

బాధ్యత గురించి మీ ఆందోళన అర్థమైంది. జబ్బు అన్నంతమాత్రాన బాధ్యత పోదు. రోజూ మందు వేసుకోవడం, డాక్టర్‌కు నిజం చెప్పడం, పాత సావాసాలకు దూరంగా ఉండటం అతనే చేయాలి, ఎవరూ చేసిపెట్టలేరు.

రెండోఒడ్డు

అక్కా, నేను ఆ తమ్ముడి స్థానంలో ఉండి వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఈ వ్యసనానికి డాక్టర్లు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు మీద ఉన్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. కాబట్టి మీ నాన్నగారి ఆలోచన గురించి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

డీటాక్స్ అంటే ఒంట్లోంచి మందు పోవడమే. నాకు అది చేశారు. బయటికి వచ్చేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది, అందరూ మెచ్చుకున్నారు. కానీ రాత్రి పడుకుంటే నిద్ర లేదు, పగలు ఏ పని మీదా ఆసక్తి లేదు, లోపల అదే పిలుపు. మళ్ళీ మొదలైంది. నాతోపాటు అక్కడ ఉన్న ఒకబ్బాయి బయటికి రాగానే పాత అలవాటు కొద్దీ పాత మోతాదే వేసుకున్నాడు. బతకలేదు. ఒళ్ళు ఆ మోతాదును తట్టుకునే శక్తి కోల్పోయిందని అతనికి ఎవరూ చెప్పి పంపలేదు. నాకు కోపం ఇప్పటికీ దాని మీదే.

అప్పు అన్నవారికి చెబుతున్నాను. బ్యూప్రెనార్ఫిన్‌తో నాకు మత్తెక్కదు. పొద్దున నాలుక కింద పెట్టుకుంటాను, కరిగేదాకా ఆగుతాను, పనికి పోతాను. అంతకుముందు నా రోజు మొత్తం తర్వాతి మాత్ర ఎక్కడ దొరుకుతుందన్న లెక్కతోనే గడిచేది. ఇప్పుడు ఆ లెక్క లేదు. బయటినుంచి చూసేవారికి రెండూ మాత్రలే. అనుభవించినవాడికి తేడా తెలుసు.

పాతనొప్పి

ఈ చర్చ చదువుతుంటే నాకు భయమేస్తోంది. క్యాన్సర్ వల్ల వచ్చిన నొప్పికి నాకు మార్ఫిన్ రాశారు. చెప్పినంతే వాడతాను, పెంచుకోలేదు. కానీ ఒకరోజు ఆలస్యమైతే ఒళ్ళు చెమటలు పడుతుంది. నేనూ బానిసనేనా? మానేయాలా?

మనసువైద్యం

కాదండీ. పైన చెప్పిన మినహాయింపు మీలాంటివారి కోసమే. మీకున్నది ఒంటి అలవాటు, మీ మందు తన పని చేస్తోంది. దయచేసి భయపడి మీ అంతట మీరు ఆపకండి. ఒపియాయిడ్లు హఠాత్తుగా ఆపడం, మరీ వేగంగా తగ్గించడం వల్ల తీవ్రమైన విత్‌డ్రాయల్, తట్టుకోలేని నొప్పి, ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్ళినవారున్నారని అమెరికా ఎఫ్‌డీఏ 2019లో ప్రత్యేకంగా హెచ్చరించింది. తగ్గించాల్సిన అవసరం వస్తే మీ డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు. నొప్పితో ఉన్నవారికి మందు అందకుండా చేయడం వ్యసనానికి పరిష్కారం కాదు.

ఎర్రమందారం

శ్రావణమేఘం, తల్లీ, మా అబ్బాయి ఈ దారిలో నడిచాడు కాబట్టి సెంటర్ ఎంచుకోవడం గురించి చెబుతాను. మేము తొందరలో ఎవరో చెప్పిన చోట చేర్పించాం. గేటుకు తాళం. ఫోన్ ఇవ్వరు, మాట్లాడనివ్వరు. డాక్టర్ ఉన్నాడన్నారు కానీ మేము ఒక్కసారి కూడా చూడలేదు. విత్‌డ్రాయల్‌లో వాడు గిలగిల్లాడుతుంటే అది నీకు పడాల్సిన శిక్షే అన్నారట. బయటికి వచ్చినప్పుడు చేతికి ఒక కాగితం కూడా ఇవ్వలేదు, ఏ మందు వాడారో తెలియదు, మళ్ళీ ఎప్పుడు రావాలో తెలియదు. ఆ తర్వాత వాడు వైద్యం అనే మాట వింటేనే వణికేవాడు. ఆ భయం పోగొట్టడానికే మాకు చాలా కాలం పట్టింది.

ఇప్పుడెవరు అడిగినా నేను ముందు అడగమని చెప్పేది ఒకటే: మీ దగ్గర బ్యూప్రెనార్ఫిన్ కానీ, అలాంటిదే మెథడోన్ అనే మందు కానీ ఇస్తారా? మేం మందులేమీ వాడం, పూర్తిగా సహజం అని గర్వంగా చెబితే ఒపియాయిడ్ల విషయంలో అది చెడ్డ గుర్తు. తర్వాత, చూసే డాక్టర్ ఎవరు, ఎంత తరచుగా చూస్తారు, మనిషి ఒప్పుకోకుండా బంధించి ఉంచుతారా, ఇంటివాళ్ళు కలవొచ్చా అని అడగాలి. ఇంటికి వచ్చాక ఎవరు చూస్తారన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నూటికి నూరు శాతం గ్యారంటీ అన్నా సరే, లేచి వచ్చేయండి.

ఇంకో సంగతి, చాలామందికి చేరాల్సిన పనే ఉండదు. ఇంట్లో ఉండి ఓపీకి వెళ్ళి చూపించుకుంటే చాలు. మా అబ్బాయికి చివరికి పనిచేసింది అదే.

తీరంగాలి

డాక్టర్ గారూ, మందులు రెండు మూడు రకాలున్నాయంటున్నారు కదా. ఎవరికి ఏది ఇస్తారో కొంచెం విడమరిచి చెప్పగలరా? నేను అడగాల్సింది ఇంకొకటి కూడా ఉంది, దీని తర్వాత అడుగుతాను.

మనసువైద్యం

ప్రధానంగా మూడు.

మెథడోన్ పాతది. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు 1960లలో హెరాయిన్ వాడేవారికి రోజూ మెథడోన్ ఇచ్చి చూశారు. అప్పటిదాకా జైలుకూ వీధికీ మధ్య తిరిగిన మనుషులు చదువులకు, పనులకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఇది గ్రాహకాన్ని పూర్తిగా పనిచేయించే మందు, ఒంట్లో చాలాసేపు ఉంటుంది. చాలా ఎక్కువ వాడకం ఉన్నవారికి, బ్యూప్రెనార్ఫిన్‌తో కుదుటపడనివారికి బాగా పనికొస్తుంది. కానీ మోతాదు నెమ్మదిగా పెంచాలి. మొదటి రెండు వారాలు జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఒంట్లో పేరుకుంటుంది. కొందరికి గుండె లయలో తేడా తెస్తుంది కాబట్టి ఈసీజీ తీయాల్సి రావచ్చు. చాలా దేశాల్లో అనుమతి ఉన్న కేంద్రాల్లోనే, ఎక్కువగా వాళ్ళ ఎదుటే వేసుకోవాలి.

బ్యూప్రెనార్ఫిన్ గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కానీ కొంతవరకే పనిచేయిస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద ప్రభావం అంతగా పెరగదు. నిద్రమాత్రలు, మద్యం కలపనంత వరకు అందుకే ఇది ఎక్కువ భద్రం. ఇంటికి ఇచ్చి పంపడానికి వీలవుతుంది. నాలుక కింద పెట్టుకునే మాత్రగా వస్తుంది, ఎక్కువ రోజులు పనిచేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. ఒపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ అనే మందు కలిపి వచ్చే మాత్ర చూసి కంగారుపడకండి. నాలుక కింద పెట్టుకుంటే ఆ నాలోక్సోన్ దాదాపు ఏమీ చేయదు. కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. దుర్వినియోగం చేయకుండా పెట్టిన ఏర్పాటు అది.

నాల్‌ట్రెక్సోన్ తీరే వేరు. ఇది గ్రాహకాన్ని మూసేస్తుంది, ఒపియాయిడ్ వేసుకున్నా పనిచేయదు. వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది, ఇంట్లోవాళ్ళు ఎక్కువగా ఇదే అడుగుతారు. ఇబ్బంది ఏమిటంటే మొదలుపెట్టే ముందు వారం పది రోజులు ఒపియాయిడ్ ఏదీ లేకుండా ఉండాలి. అక్కడే చాలామంది జారిపోతారు. 2018లో వచ్చిన ఒక పెద్ద పోలిక అధ్యయనంలో నెలకొకసారి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్‌కు కేటాయించినవారిలో సుమారు 28 శాతం మంది అసలు మొదలుపెట్టలేకపోయారు. బ్యూప్రెనార్ఫిన్ విషయంలో అది 6 శాతం. మొదలుపెట్టగలిగినవారిలో మాత్రం రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. రోజూ వేసుకునే నాల్‌ట్రెక్సోన్ మాత్రల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఎక్కువమంది మధ్యలోనే ఆపేస్తారు.

మొదటి రెండు మందుల గురించి నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ప్రాణాలు. వైద్యంలో ఉన్నంతకాలం మరణాల ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలు చూపించాయి. వైద్యం వదిలేసిన మొదటి వారాల్లో అది మళ్ళీ పైకి లేస్తుంది. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు డాక్టర్లు కూడా బ్యూప్రెనార్ఫిన్ రాసే వీలు కల్పించారు, 1999 నాటికి ఓవర్‌డోస్ (మోతాదు మించిన) మరణాలు 79 శాతం తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందులనూ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

నిక్కచ్చి

వివరంగా చెప్పారు, థాంక్స్. మందు ప్రాణం కాపాడుతుందంటే నేను అడ్డుచెప్పను. కానీ ఎంతకాలం? జీవితాంతమా? ఆ మాట కుటుంబానికి ముందే చెప్పాలి కదా.

మనసువైద్యం

తప్పకుండా చెప్పాలి. ముందే గడువు పెట్టుకోవడం మంచిది కాదు. కొందరు కొన్నేళ్ళకు నెమ్మదిగా తగ్గించుకుని మానేస్తారు, కొందరు చాలాకాలం కొనసాగుతారు. నిద్ర, పని, సంబంధాలు కుదుటపడి, మనసు అటు లాగడం బాగా తగ్గి, మనిషే తగ్గిద్దామని అడిగినప్పుడు మొదలుపెడతాం. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. ఇబ్బంది వస్తే వెనక్కి పెంచుతాం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పెళ్ళి కుదిరిందనో, బంధువులు అడుగుతున్నారనో ఆపించడమే నేను ఎక్కువగా చూసిన ప్రమాదం.

మోడరేటర్

మందులు ఎక్కడ దొరుకుతాయి, ఎంత వేసుకోవాలి అని అడిగిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి మోతాదుల గురించి ఇక్కడ రాయకండి, అవి చూసే డాక్టర్ నిర్ణయించాలి.

మందులచీటీ

వైద్యం మొదలయ్యేలోపు ఇంట్లో తెలిసి ఉండాల్సింది ఓవర్‌డోస్ గురించి. పిలిచినా, గట్టిగా కుదిపినా లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదిగా ఉండటం లేదా ఆగిపోవడం, గొంతులో గురగుర, పెదవులు నీలం తిరగడం, కంటిపాపలు గుండుసూది తలంత కావడం. గురక పెడుతున్నాడు, పడుకోనివ్వండి అని వదిలేయడం వల్ల పోయిన ప్రాణాలున్నాయి.

వెంటనే అంబులెన్స్ పిలవండి. నాలోక్సోన్ అందుబాటులో ఉంటే ఇవ్వండి, ముక్కులో కొట్టే స్ప్రేగా, ఇంజెక్షన్‌గా వస్తుంది. ఊపిరి లేకపోతే నోటితో శ్వాస అందించండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే మళ్ళీ ఇవ్వొచ్చు. ఊపిరి ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, ఒంట్లోని ఒపియాయిడ్ అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. అందుకే లేచి కూర్చున్నా సరే, ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒంట్లో ఒపియాయిడ్ లేనివారికి నాలోక్సోన్ ఇచ్చినా హాని ఉండదు, కాబట్టి అనుమానంతో ఆగిపోకండి.

బయట దొరికే మాత్రల గురించి కూడా చెప్పాలి. నకిలీ మాత్రల్లో ఫెంటానిల్ అనే ఒపియాయిడ్ కలుస్తున్న చోట్లున్నాయి. అది మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది. చూడటానికి అదే మాత్ర, లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

శ్రావణమేఘం

ఇన్ని సంగతులు ఒక్కరూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదు. అందరికీ ధన్యవాదాలు. రెండోఒడ్డు గారూ, మీ స్నేహితుడి సంగతి నాన్నకు చదివి వినిపించాను, పదిహేను రోజుల మాట ఇక ఎత్తలేదు. ఇప్పుడు తమ్ముడితో మాట్లాడాలి. ఎలా మొదలుపెట్టను?

రెండోఒడ్డు

మాత్ర దిగి ఒళ్ళు నొప్పులతో ఉన్నప్పుడు వద్దక్కా, మత్తులో ఉన్నప్పుడూ వద్దు. కొంచెం నిదానంగా ఉన్న వేళ చూసుకోండి. అమ్మా నాన్నా బాబాయీ అందరూ చుట్టూ కూర్చుని అడగకండి, మీరొక్కరే మాట్లాడండి. ఎందుకు మానవు అని కాదు, విత్‌డ్రాయల్‌లో రోజుల తరబడి నలగకుండా మానే మార్గం ఉందట, ఒకసారి విని వద్దామా అనండి. నన్ను మాత్ర దగ్గరికి మళ్ళీ మళ్ళీ నెట్టింది ఆ విత్‌డ్రాయల్ భయమే. ఆ భయం తీరుతుందని ఎవరైనా చెప్పి ఉంటే ముందే వెళ్ళేవాణ్ణి.

ఎర్రమందారం

వాడి మాత్రలు తీసి బయట పారేయకండి తల్లీ. అప్పుడు వాడు ఏది దొరికితే అది వేసుకుంటాడు. కుటుంబాలకు నేర్పే క్రాఫ్ట్ అనే పద్ధతి ఒకటి ఉంది, మాకు కౌన్సెలర్ దాన్నే నేర్పారు. మనిషి మామూలుగా ఉన్న వేళల్లో దగ్గరగా ఉండటం, మంచి పనికి వెంటనే మెచ్చుకోవడం, మత్తులో ఉన్నప్పుడు పోట్లాడకుండా పక్కకు తప్పుకోవడం, వైద్యానికి సరేనన్న క్షణంలో అపాయింట్‌మెంట్ సిద్ధంగా ఉంచడం. ఆ చివరిది మరచిపోకండి. సరే అన్న మాట రెండు రోజులు నిలవకపోవచ్చు.

మీ అమ్మగారికి కూడా కాస్త ఊరట కావాలి. మాత్ర ఇచ్చింది ప్రేమతోనే. ఆవిణ్ణి తప్పుపట్టకండి.

తీరంగాలి

ఇప్పుడు నా ప్రశ్న. మా వదిన గర్భవతి. పెళ్ళికి ముందునుంచీ కొడీన్ అనే ఒపియాయిడ్ ఉన్న దగ్గుమందు అలవాటుందని మాకిప్పుడే తెలిసింది. బిడ్డ కోసం వెంటనే ఆపేయమంటున్నారు అందరూ. ఆపేయొచ్చా?

మనసువైద్యం

వెంటనే ఆపించకండి. గర్భంతో ఉన్నప్పుడు విత్‌డ్రాయల్‌కు గురిచేయడం, ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం తల్లికీ బిడ్డకూ ఎక్కువ ప్రమాదం. వ్యసనం ఉందని తేలితే బ్యూప్రెనార్ఫిన్ కానీ మెథడోన్ కానీ ఇచ్చి నిలకడగా ఉంచడమే సిఫార్సు చేసే వైద్యం. పుట్టిన బిడ్డకు కొన్ని రోజులు విత్‌డ్రాయల్ లక్షణాలు రావచ్చు. వాటిని కనిపెట్టి చూస్తారు, వైద్యం ఉంది. తల్లి స్పర్శ, చనుబాలు బిడ్డకు మేలు చేస్తాయి, మందు మీద నిలకడగా ఉన్న తల్లి సాధారణంగా పాలు ఇవ్వొచ్చు. గైనకాలజిస్టుకు, సైకియాట్రిస్టుకు ఇద్దరికీ ఒకే నిజం చెప్పండి. మీ వదినను నిందించకుండా వెంట వెళ్ళేవారు ఒకరుంటే సగం పని అయినట్టే.

శ్రావణమేఘం

తమ్ముడు ఒప్పుకున్నాడు. డాక్టర్ బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు. ముందు రోజు మాత్రలు ఆపి, విత్‌డ్రాయల్ బాగా కనిపించేదాకా ఆగమన్నారు. ఆ గంటలు వాడికి నరకమే, చేయి పట్టుకుని కూర్చున్నాను. ఎందుకంత ఆగాలో అప్పుడు అర్థం కాలేదు. ఒంట్లో పాత మందు ఉండగా ఇస్తే ఇది దాన్ని తోసేసి ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ తెస్తుందని తర్వాత చెప్పారు. మందు పడ్డాక సాయంత్రానికి అన్నం తిన్నాడు. నడుంనొప్పికి ఫిజియోథెరపీ కూడా రాశారు. కౌన్సెలింగ్ వచ్చే వారం. హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా రాశారు, సూదులేవీ వాడకపోయినా చేయించడం మంచిదన్నారు.

ఒక సందేహం. మా పాప చిన్నది, చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఈ మాత్రలు ఇంట్లో ఎలా పెట్టాలి?

మందులచీటీ

తాళం వేసే పెట్టెలో, పాపకు అందనంత ఎత్తులో. తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి. పెద్దవారికి భద్రమైన ఈ మందు చిన్నపిల్లలకు ఒక్క మాత్రైనా ప్రాణాంతకం కావచ్చు. తమ్ముడు నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా పాప దగ్గర లేకుండా చూడండి, సగం కరిగినది ఉమ్మి ఎక్కడా పడేయకూడదు. పూర్తిగా కరిగాక నీళ్ళు పుక్కిలించి మింగమనండి. ఒక గంట ఆగి పళ్ళు తోముకోవాలి. ఈ మాత్రలతో పళ్ళు పాడయ్యే అవకాశం ఉంది, డెంటిస్టుకు కూడా చూపిస్తుండండి. పాప పొరపాటున నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వస్తే బాగానే ఆడుకుంటోంది కదా అని చూస్తూ ఉండకండి. లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మాత్రల అట్ట వెంట తీసుకెళ్ళండి.

పాత ట్రమడాల్ మిగిలి ఉంటే వాటిని ఇంట్లో ఉంచకండి. తమ్ముడికి చెప్పి, అతని ఎదుటే లెక్కపెట్టి, మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడిగి ఇచ్చేయండి.